బంగారుతీగ, ఉల్లికోడు, మన్యపు జ్వరం: జయపురం నుంచి మోటు దాకా

మొదటి రోజు

ముప్పై రెండేళ్ళు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన నాలాంటివాడికి ఒక లోటు మిగిలిపోతుంది. పరాన్నజీవుల పాఠంలోని బొమ్మలన్నీ కళ్ళు మూసుకుని బోర్డు మీద గీయగలడు గాని, వాటిలో సగాన్ని పొలంలో ప్రాణంతో ఉండగా వేలితో తాకి చూసి ఉండడు. దసరా వెళ్ళిన వారంలో జయపురం నుంచి మా పెద్దబావగారు ఫోను చేసి, "ఈ యేడు కొండల మీద వలిసె పూత బాగుందోయ్, దాని మీద నీ బంగారుతీగ ఇంకా బాగుంది, వచ్చి చూసుకో" అనడంతో సంచీ సర్దుకున్నాను. వలిసె నూనెగింజల పంట, బంగారుతీగ దాన్ని చుట్టుకుని బతికే పరాన్నమొక్క. ఆయనకు జయపురంలో నలభై ఏళ్ళుగా విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉంది. పంటకు పట్టే ప్రతి తెగులూ ముందు తన బల్ల మీదకు వచ్చి, ఆ తర్వాతే నా పాఠ్యపుస్తకాలలోకి ఎక్కిందని ఆయన నమ్మకం. అందులో అబద్ధం కూడా పెద్దగా లేదు.

విశాఖలో ఎక్కిన కిరండూల్ బండి శృంగవరపుకోట దాటాక ఒక్కో సొరంగంలోకి దూరుతూ, శిమిలిగూడ స్టేషను చేరేసరికి సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తుకు వచ్చేస్తుంది. కిలోమీటరు ఎత్తుకు ఆరు డిగ్రీలకు పైగా చల్లబడే గాలిలో తాటిచెట్లు వెనకే ఆగిపోతాయి, సిల్వర్ ఓక్ నీడన కాఫీ మొదలవుతుంది. ఏ మొక్క ఎంత చలిని ఓర్చగలదో కిటికీ పక్కన కూర్చుని లెక్క కట్టుకోవచ్చు.

అరకు దాటాక ఒక చిన్న స్టేషనులో, బైలదిల్లా ఇనప ఖనిజం మోసుకొచ్చే గూడ్సు కోసం మా బండిని ముప్పావు గంట పక్కకు నిలిపారు. ప్లాట్‌ఫారం చివరి మామిడిచెట్టుకు ఒక కొమ్మ ఆకులు వేరుగా, మందంగా, కాస్త బూడిదరంగులో ఉన్నాయి. అది బదనిక. దానికి పచ్చని ఆకులున్నాయి కనుక తన అన్నం తాను వండుకుంటుంది. నీరూ ఖనిజాలూ మాత్రం మామిడి కొమ్మలోంచి లాగుతుంది. ఆ లాగడానికి అది ఎంచుకున్న పద్ధతి విచిత్రమైనది. ఆతిథ్యమిచ్చే చెట్టుకన్నా తన ఆకురంధ్రాలను ఎక్కువసేపు తెరిచి ఉంచి, నీటిని దుబారాగా ఆవిరి చేసి, ఆ లోటుతోనే మామిడి నాళాల్లోని నీటిని తనవైపు తిప్పుకుంటుంది. వేసవిలో చెట్టు పొదుపుగా రంధ్రాలు మూసుకున్నా ఇది మూసుకోదు. బదనికకు అవతల కొమ్మ ఎండి మోడై ఉండడం ఆ పూట స్పష్టంగా కనిపించింది. దాని పండు తిన్న చిన్న పిట్టకు జిగురుగింజ రెట్టతో పాటు తోకకింద అతుక్కుంటే, ఆ పిట్ట దాన్ని కొమ్మకేసి రాసి వదిలించుకుంటుంది. గింజకు కావలసినదీ అదే.

చీకటి పడ్డాక జయపురం చేరాము. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా ఈ సంస్థానం మన విశాఖపట్నం జిల్లాలోనిదే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు అండగా నిలిచిన మహారాజా విక్రమదేవ వర్మగారి ఊరు ఇది. బజారులో ఇప్పటికీ ఒడియా, తెలుగు, ఈ ప్రాంతపు భాష దేశియా మూడూ ఒకే బేరంలో వినపడతాయి. అక్క నా కోసం చోడి అంబలి చేసి ఉంచింది.

రెండో రోజు

పొద్దున్న ఏడు గంటలకే ఒక రైతు నాలుగు వరి దుబ్బులు పీకి తెచ్చి దుకాణం బల్ల మీద పెట్టాడు. మామూలు పిలకల మధ్య రెండు మూడు పిలకలు వెండిరంగు గొట్టాల్లా, అచ్చం ఉల్లికాడల్లా నిలబడి ఉన్నాయి. మనవాళ్ళు దీనికి ఉల్లికోడు అని పేరు పెట్టడానికి కారణం అడగనక్కరలేదు. రైతు పురుగుమందు గుళికలు ఇమ్మన్నాడు. బావగారు లేవలేదు. "ఇస్తే నాకు లాభం, వేస్తే అతనికి నష్టం. గొట్టం బయటికి కనపడిందంటే ఆ పిలక పోయినట్టే" అని నాతో తెలుగులో అని, అదే మాట రైతుకు దేశియాలో చెప్పి పంపారు. నలభై ఏళ్ళు మందులు అమ్మిన మనిషి అమ్మనన్నందుకు ఆ రైతు నొచ్చుకున్నాడు. మూడు కొట్లవతల దొరుకుతుందని అతనికి తెలుసు.

అతను వదిలేసి వెళ్ళిన దుబ్బును నేను గడ్డం గీసుకునే బ్లేడుతో నిలువునా చీల్చాను. కథ ఇలా జరుగుతుంది. దోమంత ఎర్రని ఈగ రాత్రిపూట ఆకు మీద గుడ్డు పెడుతుంది. అందులోంచి వచ్చిన పురుగు మంచు తడిలో పాకుతూ దిగి, ఆకుతొడుగుల మధ్యగా పిలక అడుగున ఉన్న పెరుగుమొగ్గ దగ్గర స్థిరపడుతుంది. పురుగు కొరకడం వల్లా, దాని లాలాజలం వల్లా మొక్క తన పెరుగుదల దారి మార్చుకుని, వెన్ను కావలసిన చోట ఆకుతొడుగును గొట్టంగా పొడిగించి, లోపలివాడికి ఇల్లు కట్టి పెడుతుంది. వరి తన ఖర్చుతో, తన కణాలతో శత్రువుకు గది కట్టడం నేను ఏళ్ళ తరబడి చెప్పిన విషయమే గాని, ఆ గొట్టం లోపలి గోడ ఎంత నున్నగా, ఎంత తెల్లగా ఉంటుందో చూడడం ఇదే మొదటిసారి. మొదటి గొట్టం అడుగున గులాబిరంగు కోశస్థ దశ (ప్యూపా) ఒకటి ఉంది, ఇంకో రెండు రోజుల్లో పైకి పాకి రంధ్రం చేసుకుని ఎగిరిపోయేది. రెండో గొట్టంలో ఉన్నది ఉబ్బిన ఒక తోలుసంచీ మాత్రమే. లోపల ఆవగింజకన్నా చిన్న గూళ్ళు కిక్కిరిసి ఉన్నాయి. ఇది ప్లాటీగాస్టర్ అనే కందిరీగ జాతి పని. ఆ పరాన్నజీవి ఒక గుడ్డు పెడితే అది పురుగు శరీరంలో ముక్కలై పదుల పిల్లలవుతుంది. గుళికలు చల్లితే వరిలోని పురుగు కన్నా ముందు ఈ కందిరీగకే చేటు.

వరి ఊరికే కూర్చోలేదు. కొన్ని రకాలు పురుగు చేరిన చోట తమ కణజాలాన్ని తామే చంపుకుని గోధుమరంగు మచ్చ చేసి పురుగును ఆకలితో మాడుస్తాయి; మరికొన్ని మచ్చ కూడా పడకుండా పురుగును ఎదగనివ్వవు. ఇలాంటి నిరోధక జన్యువులు పదికి పైగా దొరికాయి. మన ఆంధ్రలో ఫల్గుణ రకం వచ్చినప్పుడు ఉల్లికోడు పీడ విరగడైందనే అందరూ అనుకున్నారు. 1980లలో శ్రీకాకుళం వైపు ఫల్గుణను కూడా మేయగల పురుగు బయలుదేరింది. శాస్త్రజ్ఞులు దానికి నాలుగో బయోటైప్ (అదే పురుగులో వేరైన రకం) అని పేరు పెట్టారు. దేశంలో ఇప్పటికి ఇటువంటివి ఏడింటిని గుర్తించారు. ఒకే జన్యువున్న వరిని జిల్లా అంతటా ఊడ్చినప్పుడు, దాన్ని దాటగలిగిన ఒక్క పురుగుకు జిల్లా అంతా భోజనశాల అవుతుంది. దీన్ని పురుగు తెలివి అనడం నాకు నచ్చదు. తెలివి మనకు చాలకపోవడం అనవచ్చు.

మధ్యాహ్నం బావగారి స్నేహితుని పల్లపు మడులకు వెళ్ళాము. జయపురం ప్రాంతాన్ని ఆసియా వరికి ద్వితీయ జన్మస్థానంగా శాస్త్రజ్ఞులు ఎంచుతారు. 1955-59 మధ్య ఇక్కడ జరిగిన సర్వేలో వెయ్యికి పైగా నాటు రకాలు సేకరించారు. కొరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. మేము వెళ్ళిన వాలులో పై మెరకలో పొట్టి పంట కోతకొచ్చింది, నడిమి మడుల్లో మచ్చకంట అనే నాటు రకం, అడుగున నీరు నిలిచే చోట ఇంకా పొట్టకు రాని పొడుగు రకం. మూడింటికీ మూడు కష్టాలు: పైన నీటి ఎద్దడి, నడుమ తెగుళ్ళు, కింద ముంపు. ఒకే కుటుంబం ఒకే వాలు మీద మూడు రకాలను ఉంచుకోవడం పేదరికం అనుకుని ప్రభుత్వాలు చాలా కాలం జాలిపడ్డాయి. కాని చైనాలోని యునాన్‌లో అగ్గితెగులుకు లొంగే జిగట వరిని, తట్టుకునే వరితో సాళ్ళు కలిపి వేస్తే జిగట వరిలో తెగులు 94 శాతం తగ్గిందని 2000లో అచ్చయిన పరిశోధన ఉంది. శిలీంధ్ర బీజం ఎగిరి పక్క మొక్క మీద వాలితే, ఆ పక్క మొక్క దానికి పనికిరానిది కావడమే అందులోని రహస్యం.

మూడో రోజు

వలిసె చేలు చూడడానికి తెల్లవారకముందే బయలుదేరి, ఘాట్ ఎక్కి, కొరాపుట్ దాటి సెమిలిగూడ వైపు వెళ్ళాము. దేవమాలి శిఖరం 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైనది, మంచులో మునిగి ఆ రోజంతా ముఖం చూపించలేదు. మాకు దానితో పని కూడా లేదు.

కొండవాలంతా పసుపు. అరకులో పర్యాటకులు ఫోటోలు దిగే పువ్వు ఇదే. మనవాళ్ళు వలిసెలనీ వెర్రినువ్వులనీ అంటారు. ఈ పువ్వు తన పుప్పొడిని తాను ఒప్పుకోదు, పక్క మొక్క నుంచి తేనెటీగ తేవలసిందే, అందుకే చేనంతా ఒక్కటే ఝుంకారం. దూరం నుంచి చూస్తే ఆ పసుపులో అక్కడక్కడా నారింజ ఛాయగల గుండ్రని మాసికలు వేసినట్టున్నాయి. దగ్గరికి వెళ్ళగానే మాసిక విప్పుకుని దారాల చిక్కుగా మారింది.

బంగారుతీగను చేతిలోకి తీసుకుంటే మొదట తెలిసేది దాని చల్లదనం. వేరు లేదు, ఆకు లేదు, పచ్చదనం నామమాత్రం. వలిసె కాండం చుట్టూ అది మూడు నాలుగు బిగువు చుట్లు చుట్టి, ఆ చుట్ల లోపలివైపు వరసగా చిన్న బొడిపెలు వేసింది. చుట్టును మెల్లగా విప్పితే బొడిపె ఊడిరాలేదు. వలిసె బెరడు చిన్న ముక్క దానితో పాటే చీలి వచ్చింది. ఆ బొడిపెలే చూషకాలు. అవి బెరడును కరిగిస్తూ లోపలికి వెళ్ళి, నీటినాళంతో ఒక అతుకు, చక్కెర మోసే నాళంతో మరొక అతుకు వేసుకుంటాయి. బదనిక నీళ్ళ దగ్గర ఆగిన దొంగ అయితే, ఇది వంటింట్లోకి వచ్చి కూర్చున్నది. ఒక మొక్క మీద నుంచి తల చాచి మరో మొక్కను పట్టుకుంటుంది కనుక, నేను నిలబడ్డ చోట పది పన్నెండు వలిసె మొక్కలు ఒకే రక్తప్రసరణలో ఉన్నట్టే లెక్క. వైరసు ఉంటే అదీ పంచుకుంటుంది.

గింజ మొలిచిన రోజున మాత్రం ఈ తీగంత దిక్కులేనిది మరొకటి లేదు. మొలకలో దాచుకున్న తిండి వారం పది రోజులకు మించి రాదు. ఆలోగా ఆతిథ్యం దొరక్కపోతే ఎండి పోతుంది. అది గుడ్డిగా వెతకదని 2006లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగం చూపింది. టొమాటో మొక్కనూ, టొమాటో వాసన పూసిన రబ్బరు ముక్కనూ పక్కన పెడితే బంగారుతీగ మొలక ఆ వైపే వంగింది. టొమాటో, గోధుమ రెంటినీ పెడితే టొమాటో వైపే ఎక్కువగా మొగ్గింది. ముక్కు లేని మొలక వాసన పట్టుకుంటుందని తరగతిలో చెప్పినప్పుడు వెనక బెంచీ పిల్లలు నవ్వేవారు.

ఆ చేను ఒక పరజ ఆదివాసీ వృద్ధురాలిది. ఆమె మాటలను బావగారు తెలుగు చేసి చెప్పారు. తీగ పట్టిన మాసికను మొక్కలతో సహా కోసి గట్టున కాలుస్తుంది, పూత రాకముందే కాల్చాలంటుంది. బాగా పట్టిన చేలో మరుసటి రెండేళ్ళు వలిసె వేయదు. చోడిగాని సామగాని వేస్తుంది. గడ్డిజాతి పంటల మీద బంగారుతీగ నిలదొక్కుకోలేదన్నది పుస్తకంలోనూ ఉంది. అయితే గట్టి తొక్క ఉన్న దాని గింజ నేలలో పదేళ్ళకు పైగా నిద్రపోగలదు, ఏటా కొన్ని మాత్రమే మేల్కొంటాయి. అన్నీ ఒకేసారి మొలిస్తే ఒక చోడి పంటతోనే వంశం తుడిచిపెట్టుకుపోయేది. ఆమె రెండేళ్ళ ఓపికకూ దాని పదేళ్ళ ఓపికకూ మధ్య నడుస్తున్నది ఆ పోటీ. "మరి ఎలాగమ్మా?" అని నేను అడిగిస్తే, విత్తనం జల్లెడ పడతానని, సన్నగింజ కిందకు రాలిపోతుందని చెప్పి, నన్ను ఇదీ తెలియనివాడిగా చూసింది. వలిసె గింజకన్నా బంగారుతీగ గింజ చిన్నది. మందుకన్నా ముందు వ్యవసాయ శాఖ చెప్పేదీ జల్లెడే.

తిరుగుదారిలో కుందులి సంతలో ఒక మూలికలవాడి దగ్గర గుప్పిడి ముడుచుకున్న ఎండు మొక్క ఒకటి యాభై రూపాయలకు కొన్నాను. సంజీవని అని అమ్ముతున్నాడు. బావగారు డబ్బు దండగన్నారు.

నాలుగో రోజు

రాత్రి నీళ్ళ గిన్నెలో వేసి ఉంచిన ఎండు గుప్పిడి తెల్లారేసరికి అరచేయి విప్పినట్టు విచ్చుకుని, గోధుమరంగు పోయి పచ్చబారింది. అక్క దాన్ని దేవుడి గూట్లో పెడతానంది. ఇది సెలాజినెల్లా జాతి మొక్క, బండల మీద పెరుగుతుంది. వాన ఆగితే తన ఒంట్లో ఉన్న నీటిలో చాలా వంతు వదిలేసి, ఆకులను లోపలికి ముడుచుకుని, కణాల పొరలు అతుక్కోకుండా ట్రెహలోజ్ వంటి చక్కెరలతో నీటి ఖాళీ పూరించి, నెలల తరబడి అలా పడి ఉండగలదు. కరువును ఎదిరించే మొక్కలు లోతుకు వేరు దింపుతాయి. ఇది ఎదిరించదు, ఓర్చుకుంటుంది. ఎదిరించడం వేరు, ఓర్చుకోవడం వేరు అన్న ఆ తేడాను ఆ రోజు దారంతా మనసులో నెమరేసుకున్నాను. ఎందుకంటే పోతున్నది వరదనూ మన్యపు జ్వరాన్నీ ఓర్చుకుంటూ వచ్చిన మల్కాన్‌గిరికి.

అద్దెకు కుదిరిన కారు డ్రైవరు కలిమెల దగ్గరి కుర్రవాడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి, భద్రాచలం యాసలో తెలుగు మాట్లాడతాడు. బైపారిగూడ ప్రాంతంలోని పాత్రాపుట్ కమలా పూజారిగారి ఊరు. వందకు పైగా నాటు వరి రకాలను కాపాడినందుకు ఆమెకు 2019లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కాలం చేశారు. గోవిందపల్లి ఘాట్ దిగాక గాలి ఒక్కసారిగా వేడెక్కి, ఎత్తు రెండు వందల మీటర్ల దరిదాపులకు పడిపోతుంది.

మల్కాన్‌గిరి పొలిమేరలో రోడ్డు పక్కన కసింద చెట్లు కాయలతో నిలువునా పెరిగి ఉన్నాయి. పశువు మేయదు, మేక కూడా మూతి తిప్పుకుంటుంది. తినేవాళ్ళ నుంచి కాపాడుకోవడానికి గింజల్లో పెట్టుకున్న ఆంత్రాక్వినోన్ విషమే దీనికి కంచె. 2016లో ఈ జిల్లాలో వరసగా పిల్లలు చనిపోయినప్పుడు మెదడువాపుతో పాటు ఈ గింజలు తినడం కూడా కారణమని వైద్యులు తేల్చారు. పశువుకు నేర్పిన పాఠం ఆకలిగా ఉన్న పిల్లవాడికి ఎవరు నేర్పుతారు? దాని గురించి ఇంతకన్నా రాయలేను.

ఐదో రోజు

మోటు ఒడిశాకు దక్షిణపు కొస. శబరి, సీలేరు కలిసే చోట నిలబడితే ఒకవైపు ఛత్తీస్‌గఢ్, ఒకవైపు ఆంధ్ర. గట్టు మీద టీ కొట్టులో తెలుగు, కోయ, ఒడియా, బెంగాలీ కలిసి వినిపించాయి. కొట్టతను గోడ మీద నిలువెత్తుకు పైన ఉన్న మట్టి చార చూపించి, గోదావరికి వరద వస్తే శబరి వెనక్కి తన్ని ఇక్కడికి వస్తుందని చెప్పాడు. "మూడు రోజులైతే వరి లేస్తదండి, వారం దాటితే కుళ్ళుద్ది" అన్నాడు.

మునిగిన వరికి ఊపిరాడదు. అప్పుడు మామూలు వరి చేసేది పైకి సాగడం. ఉన్న చక్కెరంతా ఖర్చు పెట్టి ఆకు సాగదీస్తుంది, నీరు తీసేసరికి నిలబడే బలం లేక పడిపోతుంది. ఒడిశాకే చెందిన ధలపుట్టియా అనే నాటు రకం దీనికి తలకిందులు. దాని నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్13ఎ లోని సబ్1 అనే జన్యువు, మునిగిన మొక్కలో పోగయ్యే ఇథిలీన్ వాయువు సంకేతాన్ని అందుకుని, సాగమనే హార్మోనుకు మొక్కను స్పందించనివ్వదు. మొక్క ఊపిరి బిగబట్టి, చక్కెర దాచుకుని, రెండు వారాల దాకా కూర్చోగలదు. ఆ జన్యువు ఏమిటో 2006లో తేలింది. దాన్ని మన మార్టేరు వరి పరిశోధన కేంద్రం వారి స్వర్ణ రకంలోకి చేర్చి తయారుచేసిన స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. నెలల తరబడి నీరు నిలిచే బంగ్లాదేశ్ లోతునీటి వరులు మాత్రం అదే ఇథిలీన్ పిలుపు విని రోజుకు ఇరవై సెంటీమీటర్ల పైన కూడా సాగుతాయి. వరద రెండు వారాల్లో పోతుందంటే బిగబట్టడం లాభం, పోదంటే సాగడం లాభం. శబరి వరదకు మొదటిదే తగినదని కొట్టతనితో అంటే, "స్వర్ణే వేశామండి, సబ్బో గిబ్బో తెలీదు" అన్నాడు.

అక్కడి నుంచి వెనక్కి వస్తుండగా డ్రైవరు తనంతట తానే మాట కలిపాడు. తన చెల్లెలికి రక్తం జబ్బు, కీళ్ళనొప్పులు వస్తే మూడు రోజులు ఏడుస్తుంది, రోజూ బిళ్ళలు వేసుకుంటుంది. తనకు పరీక్ష చేస్తే 'సగం' ఉందన్నారట. కారు ఆపి కార్డు తీసి చూపించాడు. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ (కొడవలి కణాల రక్తం జబ్బు) కార్యక్రమం కింద నలభై ఏళ్ళ లోపు వాళ్ళందరికీ చేస్తున్న పరీక్షల కార్డు అది. వివరాలు ఒడియా, ఇంగ్లీషుల్లో ఉన్నాయి, అతనికి రెండూ చదవడం రాదు.

"చిన్నప్పుడు మలేరియా వచ్చిందా?" అని అడిగాను.

"ఊళ్ళో రానోడెవరు మాస్టారూ? మా పెదనాన్న కొడుకు దాంతోనే పోయాడు. నాకూ వచ్చేది, రెండ్రోజులు పడుకుని లేచేవోణ్ణి."

ఒక్క కుర్రవాడి జ్ఞాపకం రుజువు కాదు. ఆ 'సగం' మలేరియా నుంచి ఎలా కాపాడుతుందో మాత్రం చెప్పగలను. హీమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లూటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ వస్తుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ అదే వస్తే ప్రాణవాయువు తగ్గినప్పుడు ఎర్రకణం కొడవలిలా వంగి సన్ననాళాల్లో ఇరుక్కుంటుంది. ఒక్కరి నుంచే వస్తే జబ్బు ఉండదు, పైగా ఫాల్సిపారం మలేరియా ప్రాణం మీదకు తెచ్చే ప్రమాదం పదింట తొమ్మిది వంతులు తగ్గుతుంది. పరాన్నజీవి దూరిన కణం తొందరగా వంగి, ప్లీహం చేతికి చిక్కడం ఇందుకు ఒక కారణం. మలేరియా ఉన్న చోటనే రక్తదోషాలు నిలిచి ఉండడానికి ఈ లాభమే మూలమని థలసీమియా విషయంలో మొదట ఊహించినవారు బ్రిటిష్ జన్యుశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్, 1949లో, సికిల్ సెల్‌కు దాన్ని 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో చూపించారు. ఆ హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చేసి, చివరి రెండేళ్ళు భువనేశ్వర్‌లో పనిచేసి, 1964 డిసెంబరు 1న అక్కడే కన్నుమూశారు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాల విద్యార్థుల చదువుకు రాసిచ్చారు. ఒడిశాలో మరణించిన శాస్త్రజ్ఞుని దేహం తెలుగు పిల్లలకు శరీరనిర్మాణం నేర్పిందన్నది నేను తరగతిలో ఏటా చెప్పేవాణ్ణి, పరీక్షలో రాకపోయినా.

నాకూ ఒక మన్యపు జ్వరం కథ ఉంది. 1983లో పాడేరు వైపు నా మొదటి ఉద్యోగం. మూడో నెలలోనే రోజు విడిచి రోజు వణుకు పట్టుకుని, ఇద్దరు మనుషులు దుప్పట్ల మీద కూర్చున్నా ఆగని చలితో ఇరవై రోజులు మంచం దిగలేదు. అప్పుడు మా తరగతిలో రక్తపరీక్ష చేస్తే ఆరుగురు పిల్లల్లో అదే పరాన్నజీవి ఉంది. వాళ్ళు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. చిన్ననాటి నుంచి మళ్ళీ మళ్ళీ కుట్టించుకున్న శరీరం పరాన్నజీవిని పూర్తిగా చంపదు, దానితో సర్దుకుంటుంది. జ్వరం లేని ఆ రక్తమే దోమకు నిల్వ గాదె. ఒడిశా ప్రభుత్వం 2017లో చేరరాని పల్లెల కోసం దమన్ అనే కార్యక్రమం మొదలుపెట్టి, జ్వరం ఉన్నా లేకపోయినా ఊరందరికీ పరీక్ష చేసి, పరాన్నజీవి ఉన్నవారికి మందిచ్చింది ఇందుకే, ఆ తర్వాత కేసులు ఎంతగానో పడిపోయాయి కూడా. కొండవాగుల నిర్మలమైన నీటిలో పెరిగి మలేరియాను మోసే ఫ్లూవియాటిలిస్ దోమ మాత్రం వాగు ఉన్నంత కాలం ఉంటుంది.

మలేరియా తగ్గిన ఊళ్ళో ఆ 'సగం' ఇప్పుడు దేనికి పనికొస్తుంది? లాభం పోయింది, ఖర్చు చెల్లెలి కీళ్ళలో మిగిలింది. ఇక్కడి వారిలో కనిపించే అరబ్-ఇండియన్ రకం సికిల్ సెల్ జబ్బులో శిశుదశ హీమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా ఎక్కువగా మిగిలి జబ్బు తీవ్రతను కొంత తగ్గిస్తుందనీ, ఆమె వేసుకునే హైడ్రాక్సీయూరియా పెంచేదీ దాన్నేననీ చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు గాని, అతని బెంగ అది కాదు. చింతూరు వైపు సంబంధం కుదిరింది. కార్డు సంగతి తెలిసి, పిల్లకు కూడా సగం ఉంటే ఏమిటని అత్తగారు అడుగుతున్నదట, అతనికి జవాబు తెలియదు.

ఆరో రోజు

మల్కాన్‌గిరి బస్టాండులో జయపురం బస్సు గంట ఆలస్యం. డ్రైవరు నన్ను దించి వెళ్ళిపోకుండా నిలబడ్డాడు. నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, అతని కార్డులో ఉన్నది తెలుగులో రాశాను: అబ్బాయికి జబ్బు లేదు, వాహకుడు మాత్రమే. అమ్మాయిలో ఆ లక్షణం లేకపోతే పుట్టే పిల్లలెవరికీ జబ్బు రాదు. ఆమెకు కూడా సగం ఉంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. అక్షరాలు పెద్దవిగా రాయమన్నాడు, కాబోయే అత్తగారి చూపు మందమట. ఇంకో కాగితం చింపి మళ్ళీ రాశాను. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి స్టీరింగ్ పైన ఎండ తెర వెనక దోపుకుని, సోమవారం పిల్లకు పరీక్ష చేయిస్తారని చెప్పి, కారు వెనక్కి తిప్పుకున్నాడు.